గుమాస్తా రాసిన నాటకం

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ అమీర్‌పేట. అక్కడికి దగ్గర్లోనే సారథి స్టూడియో. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడే తయారైంది. ఇప్పుడు కథ చంకన పెట్టుకుని ఊరు వదిలిన కుర్రాడు కృష్ణానగర్‌లో గది వెతుక్కుంటాడు. 1950ల్లో అయితే మద్రాసు రైలెక్కాల్సిందే.

ఆచార్య ఆత్రేయ అలా వెళ్లినవారే. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. ఆత్రేయ అన్నది గోత్రం పేరు. 1921 మే 7న నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టారు. అక్కడి నుంచి మద్రాసు 80 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త దూరం వెళ్లేలోపు ఎన్ని మజిలీలో! చదువు మధ్యలో ఆగింది. సెటిల్‌మెంట్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేశారు, ‘జమీన్ రైతు’ పత్రికలో పనిచేశారు.

‘ఎన్.జి.ఓ.’ నాటకంలో ఆ ఆఫీసు బల్ల వాసన ఉంటుంది. ఎన్.జి.ఓ. అన్న మాట వింటే ఇప్పటివాళ్లకు స్వచ్ఛంద సంస్థ గుర్తొస్తుంది. అప్పట్లో దానర్థం నాన్ గెజిటెడ్ ఆఫీసర్. అంటే గవర్నమెంటు ఉద్యోగమని ఊళ్లో పేరు, నెలాఖరుకు ఇంట్లో చేబదులు. రాజులూ దేవుళ్లూ రాగం తీసి పద్యాలు పాడిన స్టేజీ మీదికి ఆత్రేయ ఈ మనిషిని తెచ్చి, వంటింట్లో మాట్లాడుకునే మాటలే మాట్లాడించారు. 1953లో అది ‘గుమాస్తా’ పేరుతో సినిమా అయింది. ‘ఈనాడు’, ‘విశ్వశాంతి’, ‘కప్పలు’, ‘భయం’ కూడా ఆయన నాటకాలే.

1951లో ‘దీక్ష’తో పాటల రచయిత అయ్యారు. ఆ తర్వాత మాటలు, పాటలు, 1961లో ‘వాగ్దానం’కు దర్శకత్వం. పాట ఇవ్వడానికి నిర్మాతల్ని రోజుల తరబడి తిప్పేవారని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత కాచుకున్నాక చేతికొచ్చే పాటలో కఠినమైన సమాసం కనిపించేది కాదు. ‘మూగమనసులు’, ‘ప్రేమ్‌నగర్’, ‘మరోచరిత్ర’ పాటలు వినండి. ఎవరో ఎదురుగా నిలబడి నిలదీస్తున్నట్టు, మధ్యలో గొంతు పట్టేసి తనను తానే ప్రశ్నించుకుంటున్నట్టు ఉంటాయి. స్టేజీ మీద నటుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఎరిగినవాడి రచన అది. జనం ఆయన్ని మనసు కవి అన్నారు. ఆ మనసుకు నోరిచ్చింది మాత్రం నాటకమే.

అందుకే బాధ. పాటకు దొరికిన ఆత్రేయ రంగస్థలానికి దూరమయ్యారు. ‘ఎన్.జి.ఓ.’ రాసిన చెయ్యి మరో పాతికేళ్లు నాటకాల మీదే ఉండి ఉంటే మన పరిషత్తులకు ఎంత సంపద మిగిలేదో.

పరిశ్రమ హైదరాబాదు దారి పట్టినా ఆయన మకాం మార్చలేదు. 1989 సెప్టెంబరు 13న మద్రాసులోనే కన్నుమూశారు. బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో తెరిచి అప్పటికి పదమూడేళ్లు.