గానుగ ఆగిన రోజు

కొంకణ తీరంలో తరతరాలుగా నూనె గానుగలు ఆడించుకుని బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులను చుట్టుపక్కలవాళ్లు ‘శనివార్ తేలీ’ అని పిలిచేవారు. శనివారం గానుగ కట్టని నూనెవాళ్లు అని అర్థం. పేరులో సగం వాళ్ల వృత్తి, సగం వాళ్ల విరామం. యూదుల వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ పుట్టుక తవ్వుకుంటూ పోతే తేలేదీ ఇదే: పనిని పక్కనపెట్టి అక్కడ విశ్రాంతికి అర్థం చెప్పలేం.

బాబిలోనియాలో పున్నమి రోజును ‘షపత్తు’ అనేవారు కాబట్టి షబ్బాత్ అక్కడి నుంచే వచ్చిందని కొందరు పండితుల వాదన. మాట వరకూ ఆ చుట్టరికం ఉంటే ఉండవచ్చు. కానీ షపత్తు చంద్రుణ్ని పట్టుకుని నడుస్తుంది, షబ్బాత్‌కు చంద్రుడితో పనిలేదు. పున్నమి వచ్చినా అమావాస్య వచ్చినా ఆరు రోజులు పని, ఏడో రోజు విరామం. పైగా కారణం చెప్పేటప్పుడు బైబిల్ రెండుచోట్ల రెండు మాటలు చెబుతుంది. నిర్గమకాండంలో సృష్టి ముగించి దేవుడు విశ్రమించాడు కాబట్టి. ద్వితీయోపదేశకాండంలో మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు కాబట్టి. రెండోదే నాకు గట్టి కారణంగా తోస్తుంది. అందులో దాసికీ దాసుడికీ పరదేశికీ, చివరికి ఎద్దుకూ గాడిదకూ సెలవుంది. సెలవు ఇప్పించుకోలేనివాడే బానిస మరి.

ఇంతకీ పని అంటే ఏమిటి? క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్రం మిష్నా ‘నలభైకి ఒకటి తక్కువ’ పనులను లెక్కగట్టింది. ఐగుప్తు విడిచాక అరణ్యంలో గుడారపు ఆలయం కట్టడానికి చేసిన పనులనే రబ్బీలు, అంటే యూదు ధర్మపండితులు, కొలతగా తీసుకున్నారు. మొదటి పదకొండూ రొట్టె చుట్టూ తిరుగుతాయి: విత్తడం, దున్నడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, ఏరడం, విసరడం, జల్లించడం, పిండి కలపడం, కాల్చడం. విత్తాక దున్నడమేమిటని మన రైతు అడుగుతాడు. మిష్నా మీది చర్చల గ్రంథం తాల్ముద్ కూడా అడిగింది. ఇజ్రాయెల్ దేశంలో చల్లిన తర్వాత మళ్లీ దున్నుతారని జవాబిచ్చింది. ఆ తర్వాత ఉన్ని కత్తిరించడం, వడకడం, నేయడం, రెండు అక్షరాలు రాయడం, నిప్పు రాజేయడం వగైరా. ఆలివ్ పండ్ల నుంచి నూనె పిండడాన్ని నూర్పిడి కింద జమకట్టారు. ఇంటింటా రోజూ జరిగే చాకిరీయే ఆలయ నిర్మాణపు పనుల పట్టికలోకి ఎక్కిందన్నమాట. ఆరు రోజుల పనికి అంతకంటే గౌరవం ఏముంటుంది?

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక బలిపీఠం లేకుండా పోయింది. ఆ స్థానం భోజనాల బల్లదే అన్నారు రబ్బీలు. శుక్రవారం సాయంత్రం దీపాలు, ద్రాక్షారసం, బల్ల మీద రెండు రొట్టెలు. అరణ్యంలో శుక్రవారం నాడు రెండింతలు దొరికిన మన్నాకు, అంటే దేవుడు కురిపించిన ఆహారానికి, గుర్తుగా ఆ రెండు.

ఏడు రోజులకొకటి చొప్పున యూదులు జీవితంలో ఏడోవంతు పారేసుకుంటున్నారని రోమన్ తత్వవేత్త సెనెకా ఎత్తిపొడిచాడు. పని చేసిన గంటే లెక్కలోకి వస్తుందనుకునేవాడికి అది నిజమే. బానిసను కొన్నవాడి లెక్కా అదే. ఇన్ని నిషేధాలుంటే అది సెలవా, సంకెలా అన్నది రెండో ఆక్షేపణ. ఆ పట్టికలో తినడం, నిద్రపోవడం, చదువుకోవడం, పిల్లలతో కబుర్లు లేవు. ప్రాణం మీదికి వస్తే నియమాలన్నీ పక్కకు తప్పుకోవాల్సిందే. మూడో ఆక్షేపణను మాత్రం నేను తోసిపుచ్చలేను. శనివారం వేడి అన్నం కావాలంటే శుక్రవారం పొద్దుగూకేలోపే కుండ పొయ్యి ఎక్కాలి. రాత్రంతా సన్నసెగ మీద ఉడికే చోలెంట్ ఆ అవసరంలోంచి పుట్టిన వంటకమే. ఆ శుక్రవారపు పరుగంతా చాలాకాలం ఆడవాళ్లదే.

శనివారం చీకటిపడి మూడు చుక్కలు పొడిచాక షబ్బాత్‌ను సాగనంపే హవ్దలా చేస్తారు. నిర్గమకాండం షబ్బాత్ నాడు ఇళ్లలో చేయవద్దని పేరుపెట్టి చెప్పిన పని నిప్పు రాజేయడం. కొత్త వారం ఆ పనితోనే మొదలవుతుంది: పేనిన వత్తుల కొవ్వొత్తి వెలిగించి, ఆ వెలుగులో అందరూ తమ గోళ్లు చూసుకుంటారు.