ఢిల్లీలో చవకైన బండి మైలాపూరుకు ఎందుకొస్తుంది?

పోయిన ఆదివారం సంఘం సమావేశం అయ్యాక మా మేనల్లుడు నన్ను పక్కకు పిలిచి ఫోనులో ఒక ఫోటో చూపించాడు. నల్లటి జర్మన్ డీజిల్ కారు. పదేళ్ళు దగ్గర పడింది, ఢిల్లీ నుంచి వచ్చింది. "మామయ్యా, కొత్తదైతే అరవై లక్షలు. ఇది పన్నెండుకే ఇస్తామంటున్నారు. చిట్టీ డబ్బు చేతికొచ్చింది, తీసేసుకోనా?" అన్నాడు. వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. అంత బండి అంత చవకగా మన లజ్ కార్నర్ దాకా ఎలా వచ్చిందో ఆలోచిస్తే పెద్ద కథే ఉంది. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మోటారు బండి మద్రాసుకు కొత్త కాదు. మౌంటు రోడ్డులోని సింప్సన్ కంపెనీ 1903లోనే ఆవిరి కారు తయారుచేసింది. డీజిల్ మాత్రం చాలాకాలం లారీలకు, ట్రాక్టర్లకే. బయటి దేశాల్లోనూ అంతే. 1936లో మెర్సిడెస్ 260 డి వస్తే దాన్ని ఎక్కువగా కొన్నది టాక్సీవాళ్ళే. డీజిలంటే పొదుపు, దర్జా కాదు. మన అంబాసిడర్‌కు డీజిల్ ఇంజన్ వచ్చింది 1980 ప్రాంతంలో. పెట్రోల్ ఇంజన్ దింపించి డీజిల్ ఇంజన్ ఎక్కించుకున్నవాళ్ళూ ఉండేవారు. మా నాన్నగారి స్నేహితులొకరు అలాగే చేశారు. ఆ బండి స్టార్టు చేస్తే వీధి వీధంతా లేచేది. కానీ ఆగిపోతే పుదుపేటలో ఏ షెడ్డుకు తోసుకెళ్ళినా సాయంత్రానికి నడిచేది.

డీజిల్‌కు దర్జా 1990లలో అంటుకుంది. 1995లో పుణెలో మెర్సిడెస్ కార్ల బిగింపు మొదలైంది. 2007 మార్చి 29న మన పక్కనే, సింగపెరుమాళ్ కోయిల్ దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో, బి.ఎం.డబ్ల్యు. ఫ్యాక్టరీ తెరిచారు. 2010 జూన్‌లో ప్రభుత్వం పెట్రోల్ ధరను మార్కెట్‌కు వదిలేసింది, డీజిల్‌ను వదల్లేదు. 2012 మే చివర ఢిల్లీలో లీటరు పెట్రోల్ 73 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గరే ఉంది. రైతు కోసం, లారీ కోసం ఇచ్చిన సబ్సిడీని ధనవంతుల కార్లూ తాగాయి. అందుకే ఆ కాలపు పెద్ద కార్లలో డీజిల్‌వే ఎక్కువ కనిపిస్తాయి.

తర్వాత గాలి మారింది. 2013 జనవరి నుంచి నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో డీజిల్‌నూ మార్కెట్‌కు వదిలేశారు. 2015 ఏప్రిల్‌లో హరిత ట్రిబ్యునల్ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగరాదంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. దాంతో అక్కడ తొమ్మిదో ఏడు వచ్చిన బండికి విలువ పడిపోయి, అలాంటి గడువు లేని మన వైపు రావడం మొదలైంది. అంటే ఆ ఫోటోలోని బండి చవకవడానికి అది చెడిపోయి ఉండనక్కర్లేదు. చిక్కు వేరే చోట ఉంది.

కారు ధర పడిపోతుంది గానీ దాని సామాన్ల ధర పడిపోదు. పన్నెండు లక్షలకు దొరికినా ఆ ఇంజెక్టర్లు, టర్బో, ఆటోమేటిక్ గేరుబాక్సు అరవై లక్షల బండివే. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో చిమ్ముతుంది. కాస్త నీరు చేరినా ఇంజెక్టర్లు పోతాయి. పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఇంకొకటి. 2020 ఏప్రిల్ తర్వాతి బి.ఎస్. 6 డీజిల్ కార్లలో ఇది ఉంటుంది, అంతకుముందువాటిలో కొన్నిటిలోనూ ఉంది. పట్టిన మసి కాలిపోవాలంటే దాదాపు ఆరు వందల డిగ్రీల వేడి కావాలి. హైవే మీద కాసేపు ఆగకుండా పోతేనే ఆ వేడి వస్తుంది. మెట్రో తవ్వకాల మధ్య కచేరీ రోడ్డులో నత్తనడక నడిస్తే రాదు. రోజూ పిల్లల్ని బడిలో దింపి, కపాలి గుడి దాకా వెళ్ళొచ్చే బండికి మసి పేరుకుంటుందే తప్ప కాలదు.

ఇదంతా మేనల్లుడికి చెప్పి, కొనే ముందు చూడాల్సినవి రాసిచ్చాను. ఎప్పుడెప్పుడు సర్వీసు చేయించారో కాగితాలు అడుగు. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి విను. స్కానర్ పెట్టించు. కార్పెట్టు ఎత్తి తుప్పు, బురద ఉన్నాయేమో చూడు, 2015, 2023 డిసెంబరు వరదల్లో మునిగిన బండ్లు మన ఊళ్ళో ఎన్నో. ఢిల్లీ ఆర్టీఓ ఎన్‌ఓసీ, బ్యాంకు అప్పు తీరిన కాగితం చూడనిదే డబ్బివ్వకు. ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన రోడ్డు టాక్సు కలుపుకుని లెక్క వేసుకో.

చివరగా ఒకటే అడిగాను. "ఒరేయ్, బండి ధరలో నాలుగో వంతు రిపేరుకని విడిగా పెట్టగలవా?"

"ఉన్నదంతా ఆ పన్నెండే మామయ్యా" అన్నాడు.

"అయితే చిన్న పెట్రోల్ బండి చూడు" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. ఫోటో ఇంకా ఫోనులోనే ఉంది. వారం వారం తిరుపతికో నెల్లూరుకో వెళ్ళే పనుండి, చేతిలో ఆ నాలుగో వంతు ఉన్నవాళ్ళకైతే అది మంచి బండే కావచ్చు. మా వాడి అవసరానికి మాత్రం కాదు.