మెమరీ కార్డుకు కాపలా ఎలా వచ్చింది?

ఫోనులోని మెమరీ కార్డులో ఏ ఫైలును ఏ యాప్ తెరవవచ్చో, ఏది తెరవరాదో నిర్ణయించే నియమావళి ఈనాడు ఆండ్రాయిడ్‌లో ఉన్నంత కఠినంగా మొదట లేదు. కార్డులోని ఫైలు ఎవరిదన్న ప్రశ్నకే అప్పట్లో చోటు లేదు. ఈ లోపానికి మూలం కార్డు కంటే పాతది. 1977లో మైక్రోసాఫ్ట్‌లో పుట్టిన ‘ఫ్యాట్’ అనే ఫైళ్ల అమరిక పద్ధతి, ఏ ఫైలు డిస్కులో ఎక్కడ ఉందో పట్టికలో రాసుకుంటుందే గాని, అది ఎవరిదో, ఎవరు చదవవచ్చో రాసుకోదు. 1999లో వచ్చిన ఎస్‌డీ మెమరీ కార్డు, ఏ కెమెరాలోనైనా ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవాలన్న ఉద్దేశంతో, ఆ పద్ధతినే స్వీకరించింది.

ఆ సౌలభ్యాన్ని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మండల కేంద్రాల్లోని మొబైల్ దుకాణాలవారు బాగా ఎరుగుదురు. వలస పోయే పాలమూరు కూలీ దుకాణంలో పాటలు ఎక్కించుకున్న కార్డు ఏ ఫోనులో పెట్టినా పలికేది. అదే కారణంగా అందులోని కుటుంబ ఫొటోలు ఏ యాప్‌కైనా అందేవి.

ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌కు ఒక్కో గుర్తింపు సంఖ్య ఇచ్చి, లోపలి నిల్వలో దాని వాటాను వేరుచేసింది గాని, కార్డు ఆ గోడకు బయటే మిగిలింది. కార్డుపై రాయడానికి అనుమతి కావాలన్న నియమం 2009లో 1.6 వెర్షన్‌తో వచ్చింది; చదవడానికి కూడా అనుమతి తప్పనిసరి కావడానికి 2013 నాటి 4.4 వరకు ఆగవలసి వచ్చింది.

ఇంతకంటే లోతైన మార్పు మరోచోట నుంచి వచ్చింది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో విడుదల చేసిన ‘ఎస్‌ఈలినక్స్’ పద్ధతిలో, నడిచే ప్రతి ప్రోగ్రాముకూ, అది తాకే ప్రతి వస్తువుకూ ఒక చీటీ అంటించి, ఏ చీటీ దేనిని తాకవచ్చో ముందే రాసిపెడతారు. రాయనిదంతా నిషిద్ధమే, సర్వాధికారం ఉన్న ‘రూట్’ కూడా ఆ రాతకు లోబడవలసిందే. ఇది 2013లో ఆండ్రాయిడ్ 4.3లో ఉల్లంఘనలను నమోదు చేయడానికే పరిమితమై, 2014లో 5.0తో పూర్తిగా అమలైంది. ఫ్యాట్ కార్డులో ఫైలు ఫైలుకూ చీటీ అంటించే చోటు లేదు కనుక కార్డు మొత్తానికి ఒకే చీటీ వేయవలసి వచ్చింది. కార్డును గుర్తించి వ్యవస్థకు జోడించే పనిని ‘వోల్డ్’ అనే సేవకు అప్పగించి, యాప్‌లు ఆ పరికరాన్ని నేరుగా తాకకుండా కట్టడి చేశారు. యాప్ తన ఫైళ్లకే పరిమితం కావాలన్న ‘స్కోప్డ్ స్టోరేజ్’ 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలై, మరుసటి ఏడు 11తో గట్టిపడింది.

ఈ కాపలా ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి. 2020 చివరలో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు బయటపడినప్పుడు, అప్పు తీసుకున్నవారి ఫోన్లలోని ఫొటోలు, పరిచయస్తుల నంబర్లే వారిపై ఆయుధాలయ్యాయి, ప్రాణాలూ పోయాయి. రుణ యాప్‌లు ఫోనులోని ఫైళ్లను, పరిచయాల జాబితాను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న ఆదేశించింది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 మొత్తం గ్యాలరీని కాక, ఎంచిన ఫొటోలను మాత్రమే యాప్‌కు చూపే వీలు కల్పించింది. కనుక పట్టాదారు పాసుపుస్తకం ఫొటో అడిగిన యాప్‌కు ఆ ఒక్క ఫొటోనే ఎంచి ఇవ్వండి.