చెక్కకి మందు వేస్తే ఏమవుతుంది? సొంఠి కామేశం గారి కథ

అమెరికాలో ఇళ్ళ వెనక చెక్క డెక్కులుంటాయి కదా, కొంచెం ఆకుపచ్చ ఛాయలో. 1970ల నుంచి 2003 దాకా కట్టినవాటిలో చాలావాటికి పట్టించిన మందు ఒక్కటే. పేరు సి.సి.ఎ. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ద్రావణం. దాన్ని 1933లో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కనిపెట్టినాయన సొంఠి కామేశం. ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలిసిపోవట్లేదూ!

అంతకు ముందు మందులు లేవని కాదు. 1838లో బ్రిటన్‌లో జాన్ బెథెల్ అనే ఆయన చెక్కని ఇనప సిలిండర్లో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో క్రియోసోట్ ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రైలు స్లీపర్లకి అదే వాడేవారు. అది నూనె కాబట్టి చెక్కతో పెద్దగా రసాయన చర్య జరపదు, బలం అంతగా తగ్గదు. కానీ నల్లటి జిడ్డు, ఘాటు వాసన, పైన రంగు నిలవదు. పోనీ నీళ్ళలో కరిగే లవణాలు వాడదామంటే వానకి కొట్టుకుపోతాయి.

కామేశం గారి తెలివంతా క్రోమియంలో ఉంది. రాగి బూజుని చంపుతుంది, ఆర్సెనిక్ చెదల్ని చంపుతుంది. ఆరు వేలన్సీ క్రోమియం చెక్కతో చర్య జరిపి మూడుకి దిగుతుంది. ఆ చర్యలోనే మిగతా రెండూ మళ్ళీ నీళ్ళలో కరగకుండా లోపలే బిగుసుకుంటాయి.

కానీ ఒక తిరకాసుంది. క్రోమియం వేలన్సీ తగ్గిందంటే ఆ మేరకు చెక్క ఆక్సీకరణ చెందిందన్నమాట. మందుని పట్టి ఉంచే చర్యే చెక్కనీ కాస్త కొరుకుతుంది! బరువు పెడితే ఎంత వంగుతుందన్నది దాదాపు మారదు. విరిగే బలం మాత్రం 20 శాతం దాకా తగ్గొచ్చు. హఠాత్తుగా పడే దెబ్బని తట్టుకునే గుణం ఇంకా ఎక్కువ పడిపోతుంది. అంటే పైకి చూస్తే, చేత్తో నొక్కి చూస్తే తేడా తెలీదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలిసిన రకమే: మామూలు టెస్టులన్నీ పాసై, లోడు పెరిగినప్పుడు కూలేది.

తర్వాత ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే అమెరికా ప్రమాణాల్లో 74 డిగ్రీల సెల్సియస్ హద్దు పెట్టారు. వేడిని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1980లలో అక్కడే ఇంకో మందుతో తెలిసొచ్చింది. మంటలంటుకోకుండా రసాయనాలు పట్టించిన ప్లైవుడ్ ఇంటికప్పుల్లో ఎండవేడికి ఆమ్లం పుట్టి, కొన్నేళ్ళకే పెళుసెక్కి పొడిపొడిగా రాలింది.

ఆర్సెనిక్ భయంతో 2003 ఆఖరుకి అమెరికాలో ఇళ్ళ పనులకి సి.సి.ఎ. ఆపేశారు. కరెంటు స్తంభాల్లాంటి వాటికి ఆపలేదు. నన్నడిగితే అది సబబే. మందు తినేసే బలం ఎంతో కొలిచారు, డిజైన్లో ముందే తీసేసి లెక్క వేసుకోవచ్చు. పుచ్చు ఎంత తింటుందో ఏ లెక్కకీ అందదు.

నాలుగేళ్ళ ఇంజనీరింగులో బెథెల్ పేరూ వినలేదు, కామేశం గారి పేరూ వినలేదు. బెథెల్ సంగతి సరే, కామేశం గారి పేరైనా ఒక్క పాఠంలో ఉండొద్దూ?