కుండపెంకు పలికే సాక్ష్యం

ఢిల్లీ ఆర్.కె. పురం పరిసరాలలో నివసించే తెలుగువారమైన మనము జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియంలో నాగార్జునకొండ శిల్పాలను చూచి పులకిస్తాము. శిల్పాల వెంట మన నేలలో బయల్పడిన కుండపెంకులను మాత్రము అంతగా పట్టించుకోము. వాటికిని చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది.

కృష్ణాతీరాన అమరావతి, ధరణికోటలలోను, వంశధార ఒడ్డున 1919లో గిడుగు రామమూర్తి గారు గుర్తించిన శాలిహుండంలోను ఒక విశిష్టమైన పళ్లెపు పెంకులు లభించాయి. మట్టి మిక్కిలి మెత్తనిది. అంచు లోపలికి వంగి ఉంటుంది. లోపలి అడుగున సన్నని గాట్లు వలయాలుగా తీరి ఉంటాయి. సగము ఆరిన పళ్లెమును సారెపై త్రిప్పుతూ పలుచని లోహపు రేకును ఆనించగా, అది అదురుతూ పడిన గుర్తులే ఆ గాట్లని పరిశోధకులు వివరించారు. దీనిని రౌలెటెడ్ పాత్ర అంటారు.

1945లో అరికమేడు త్రవ్వకాలలో ఇట్టి పెంకులను చూచిన మార్టిమర్ వీలర్, ఈ పనితనము మధ్యధరా ప్రాంతము నుండి వచ్చినదని తలచాడు. తరువాత జరిగిన మట్టి పరీక్షలు ఇవి భారతదేశములోనే తయారైనవని తేల్చాయి. బెంగాలు తీరము నుండి శ్రీలంకలోని అనురాధపురము వరకు, సముద్రము దాటి బాలి ద్వీపము వరకు ఇవి ప్రయాణించాయి. అజ్ఞాతుడైన కుమ్మరి నేర్పును పరదేశమునకు కట్టబెట్టిన అభిప్రాయమును ఆ మట్టియే సరిదిద్దినది.

అయితే ఇక్కడ మనము జాగ్రత్త వహించాలి. ఈ పళ్లెములు రేవులలోను, పట్టణాలలోను దొరికాయి. కనుక పెంకు కనబడినంత మాత్రాన అది బౌద్ధ స్థలమని చెప్పరాదు. అది ఏ పొరలో, వేటి సరసన దొరికినదో తెలిసినప్పుడే దాని మాట సాక్ష్యమవుతుంది. శాలిహుండంలో బ్రాహ్మీ అక్షరాలు గల పెంకులు స్తూపవిహారాల నడుమ లభించడము వల్లనే వాటికి అంత విలువ.

కుమ్మరి పేరు పెంకుపై మిగలలేదు. కాని అమరావతిలో మరొక శ్రామికుని పేరు రాతిపై నిలిచినది. తోలుపనివాడైన విధికుడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కూడి పూర్ణకుంభ శిలాఫలకమును దానము చేసినట్లు ప్రాకృత శాసనము తెలుపుతున్నది. నేటి కులములను ఆనాటి వృత్తులపై యథాతథముగా మోపరాదు. అయినను, స్తూపమును తీర్చిన చేతులలో రాజులు, శ్రేష్ఠులతోపాటు తోలుపనివారి చేతులును ఉన్నవని నిస్సంశయముగా చెప్పవచ్చును.

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ అంబేద్కర్ ధర్మదీక్ష గైకొన్ననాడు, ఈ మతము మీకు కొత్తది కాదా అని అడిగేవారికి ఇట్టి శాసనము ఒక జవాబు. ఆ జవాబును అతిశయోక్తితో పలుచన చేయనక్కరలేదు. పరీక్షించి స్వీకరించమన్న తథాగతుని మార్గములో నడిచే మనము, మన చరిత్రను గూడ అదే రీతిని పరీక్షించి చెప్పుకొందము. మన ఊరి దిబ్బలలో అలంకృతమైన పెంకు కనబడినపుడు దానిని ఇంటికి కొనిపోక, ఉన్నచోటనే ఉంచి పురావస్తు శాఖకు తెలుపుదము. చోటు తప్పిన పెంకు సగము మూగబోవును.