తీగ తినే ఓల్టేజి

పరిగి చెరువు ఎండిన ఏడు రైతుకు బావే దిక్కు. ఆ బావుల మీద నీళ్లు తోడే కపిలను లాగే ఎద్దులు పోయి మోటార్లొచ్చాక పుట్టిన పని మాది, మాడిన మోటారుకు తీగ మళ్లీ చుట్టే రీవైండింగు. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడడం, స్తంభాలు ఊరూరికీ రావడం పుస్తకాల్లో దొరుకుతుంది. నాకు తెలిసిన చరిత్రంతా మాడిన కాయిళ్లలో ఉంది.

మోటారు విప్పితే సంగతి అదే చెబుతుంది. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు బొగ్గయి, మూడోది కొత్త రాగిలా మెరుస్తుంటే లైనులో ఒక ఫేజు పోయిందన్నమాట. మూడూ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువైనా అయుండాలి, ఓల్టేజి తక్కువైనా అయుండాలి. మాకెక్కువ వచ్చేవి ఈ ఓల్టేజి కేసులే.

ట్రాన్స్‌ఫార్మరు ఊరి దగ్గర, మోటార్లు కిలోమీటరు అవతల. మధ్యన స్క్విరల్ తీగ: ఉక్కు పోగు చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు, ఒక్కోటి 2.11 మిల్లీమీటర్లు. కరెంటు పారని లోహం లోపల విద్యుత్ క్షేత్రం నిలవదు, ఎలక్ట్రాన్లు సర్దుకుని చెరిపేస్తాయి. పారాలంటే మాత్రం వాటిని తోసే క్షేత్రం ఉండాల్సిందే. తీగ ఒంటిమీద చేరే ఆవేశాలే దాన్ని వంపుల వెంట నడిపిస్తాయి. మూడు 5 హెచ్‌పీ మోటార్లు నడిచి 20 ఆంపియర్లు పారితే ఆ క్షేత్రం మీటరుకు 27 మిల్లీఓల్టులు. లెక్కలోకి రానంత చిన్నది. కిలోమీటరుకు కూడితే 27 ఓల్టులు, ఫేజుకున్న 240లో! ఓల్టేజి తగ్గిన మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, రెట్టింపు లాగితే వేడి నాలుగు రెట్లు.

1980ల మొదట్లో మీటర్లు పోయి హార్స్‌పవర్ లెక్కన స్లాబు వచ్చింది, 2004లో కరెంటు ఉచితమైంది. మోటార్లు పెరిగాయి, తీగ మాత్రం అదే. మా అంగడికి గిరాకీ అనుకోండి.

తీగ తినే ఈ ఓల్టేజికి మందు ఎప్పటినుంచో తెలిసిందే. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల దూరాన కోలారు గనులకు కరెంటు పంపింది ఓల్టేజి పెంచే. 415 ఓల్టుల బదులు 11,000 అయితే అదే పనికి ఆంపియర్లు 26 రెట్లు తగ్గుతాయి. ఆ 11 కేవీ లైను పొలం గట్టు దాకా వచ్చి, నాలుగైదు మోటార్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడానికి వందేళ్లు పట్టింది.

లైను బాగుపడేసరికి నీళ్లు లోతుకు పోయాయి. వందల అడుగుల బోరులో దిగే కేబులు కూడా ఒక లైనే కదా. నాలుగు రూపాయలు మిగులుతాయని సన్న కేబులు దించినవాళ్ల మోటార్లు ఇప్పటికీ మా అంగడికే వస్తున్నాయి.