సిరాగ్రంథి శస్త్రచికిత్స - ఫలపరీక్ష

కొరాపుట్ జిల్లాలోని లమ్తపుట్ 1936 మార్చి ముగియువరకు విశాఖపట్టణము జిల్లాలో, జయపుర సంస్థానపు సీమలో నుండెను. ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా ఈ కొండసీమ యందు జేరెను. ఎల్ల మారినను కత్తిచికిత్స కావలసిన రోగులు పెక్కుమంది పూర్వమువలెనే కనుమలు దిగి విశాఖకు వచ్చుచుండిరి. నేడు ఆంధ్ర వైద్య కళాశాల యనబడు విద్యాలయ మచట 1923లో నెలకొనినది.

అట్టి రోగములలో కాలిసిర లుబ్బి మెలికలు తిరుగుట యొకటి. నరములు తేలెనని మనవారందురు. నిజమునకు నరములతో దీనికి పని లేదు. సిరలలోని కవాటములు చెడి, గుండెకు ఎక్కవలసిన రక్తము క్రిందికి జారుటయే దీనికి మూలము. ముదిరినచో చీలమండకడ మానని పుండు పడును. నిలువుకాళ్లపై కూలి చేయువానికి అది కూటికే ముప్పు.

సుశ్రుతసంహిత నిదానస్థానమున సిరాజగ్రంథి చెప్పబడినది. నొప్పితో కదలునది కష్టసాధ్యమనియు, నొప్పిలేక, కదలక, పెద్దదై మర్మమున లేచినది విడువదగినదనియు నందు గలదు. అది యీ వ్యాధియే యని కొందరి మతము. పోలిక కలదు గాని, కాలిసిరలకే అది పరిమితమనుట సాహసము. రోమను సేనాని మారియసు ఒక కాలికి కత్తి చేయించుకొని, బాధకు తగిన ఫలము లేదని రెండవ కాలి నియ్యలేదని ప్లూటార్కు వ్రాసెను. ఫలమెంత యను ప్రశ్న అంత పాతది.

బాన్ నగరమున ట్రెండెలెన్‌బర్గ్ తొడలోని పెద్ద సిరను ముడివేసి కోయు పద్ధతిని 1890 ప్రాంతమున ప్రచారమునకు దెచ్చెను. ముడి గజ్జకు దిగువగా పడుటచే, పైశాఖలద్వారా వ్యాధి మరల వచ్చుచుండెను. 1905 మొదలు 1907 వరకు కెల్లరు, మేయో, బాబ్‌కాక్ అను అమెరికా వైద్యులు సిరనే ఊడబెరుకు సాధనములను కల్పించిరి. మోకాలికి దిగువ సిర ప్రక్కనే స్పర్శనాడి యుండుటచే, చీలమండవరకు పెరికిన కొందరికి పాదము తిమ్మిరిపట్టెను. కావున పిమ్మట మోకాలి యొద్దనే ఆపుట వాడుకయయ్యెను.

ఇంతకాలమును ఫలమునకు సాక్షి వైద్యుని కన్నే. చర్మము నున్నగా నున్నచో నయమైనదనిరి! లోపలి రక్తగతిని చూపినది శబ్దాతీత తరంగము. 1842లో డాప్లరు చెప్పిన సూత్రమును జపానులో సతోమురా 1950ల నడుమ హృదయపరీక్షకు వినియోగించెను. సిర రూపమును, రక్తగతిని ఒకేమారు చూపు డూప్లెక్సు యంత్రము 1970లలో సియాటిల్ నగరమున స్ట్రాండ్‌నెస్ బృందమువలన రూపొందెను. రోగిని నిలువబెట్టి పిక్కను నొక్కి విడిచినపుడు, పైసిరలో రక్తము అర సెకనుకు మించి వెనుకకు పారినచో కవాటము చెడినదని నేటి నిర్ణయము.

ఈ పరీక్ష శస్త్రవైద్యులకు కొంత చేదే. బాగుగా కోసిన గజ్జలోను సన్నని క్రొత్తసిరలు మొలచి తిరుగుపాటును తెచ్చుట, కంటికి కనబడుటకు చాల ముందే, ఇందు బయటపడెను. మరియు ముడితో ఆపినవారికంటె సిరను పెరికినవారికి మరల కత్తి యవసరము తక్కువయని ఇంగ్లండున గ్లాస్టరునుండి 1999లో వెలువడిన అయిదేండ్ల పరిశోధన చూపెను.

అప్పటినుండి సిరను లోపలనే వేడిచేసి మూయు పద్ధతి ప్రబలెను. 2013లో బ్రిటిషు మార్గదర్శకము దానిని ముందును, నురుగుమందును తరువాతను, కత్తిని చివరను నిలిపెను. సూది సిరలో దిగుటకు కూడ ఆ తరంగములే దారి చూపును.

కొరాపుట్‌లో లక్ష్మణ నాయక్ పేర వైద్య కళాశాల 2017లో వెలసినది. గజ్జలో రెండవమారు కోయుట మచ్చకణజాలమువలన మొదటిదానికంటె కష్టము. కొండదిగి వచ్చు కూలికి రెండవ ప్రయాణము మరింత కష్టము. కోయుటకు ముందే యంత్రముతో సిరల పటము గీచుట లమ్తపుట్ రోగికి నగరవాసికంటె నెక్కువ యవసరము.